పాత రందా, పాత ఉలి: చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి

పోయిన ఆదివారం పొద్దున ఎర్రగడ్డ సంతలో నాకు ఒక నంబర్ 4 రందా (చెక్కని నున్నగా చేసే చిత్రిక), రెండు ఉలులు, ఒక చేతి డ్రిల్లు దొరికాయి. అన్నీ కలిపి 770 రూపాయలు. ఇంటికొచ్చి చూసిన స్నేహితులు ముగ్గురూ ఒకటే అడిగారు, "ఎక్కడ దొరికాయి?" అని. ఎక్కడ అన్నది చెప్పడం చాలా తేలిక, హైదరాబాద్‌లో ఎవరిని అడిగినా చెప్తారు. కానీ అదే పొద్దున, సరుకు పరిచిన అదే దుప్పటి ముందు, నా పక్కనే కూర్చున్న ఒకాయన అడుగు పగిలిన రందాని 600 పెట్టి కొనుక్కుని సంతోషంగా వెళ్లిపోయాడు, నేను చెప్పేలోపే జనంలో కలిసిపోయాడు. నాకు ఆ రోజంతా బాధగానే ఉంది. ఆయన దాన్ని ఒకసారి తిరగేసి వెలుతురులో పట్టుకుని చూసి ఉంటే చాలు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. తుప్పు లోపం కాదు. పైన ఎర్రగా, మురికిగా ఉన్న వస్తువు లోపల మంచి ఉక్కు అయితే ఒక రాత్రిలో శుభ్రమవుతుంది. పగులు, పోయిన భాగం, అంచు దగ్గర పడిన గుంటలు, ఈ మూడూ మాత్రం ఎంత కష్టపడినా పోవు. సంతలో జనం తుప్పు చూసి మంచివి వదిలేస్తారు, రంగేసి మెరిపించిన పగుళ్లు కొనుక్కుంటారు.

జేబులో పెట్టుకెళ్లాల్సినవి

ఆరంగుళాల స్టీలు స్కేలు, చిన్న ఆకురాయి (ఫైలు), ఫోను టార్చి, ఒక పాత గుడ్డ, చిన్న అయస్కాంతం. చిల్లర నోట్లు. అంతే. వీటిలో ఒక్కటే తీసుకెళ్లగలను అంటే ఆకురాయి తీసుకెళ్లండి, ఎందుకో ఉలి దగ్గర చెప్తాను. అయస్కాంతం ఎందుకంటే ఇనుము రంగు పూసిన అల్యూమినియం సరుకు కూడా ఈ దుప్పట్ల మీదకి వస్తూ ఉంటుంది, చీకటిగా ఉన్నప్పుడు కంటికి తెలియదు.

పొద్దున్నే వెళ్లండి. ఎర్రగడ్డ అయితే ఆదివారం, పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్ అయితే పేరులోనే ఉంది, గురువారం. రాణిగంజ్‌లో కొత్త సరుకు దొరుకుతుంది, ధర తెలుసుకోవడానికి ఒకసారి అక్కడ తిరగడం మంచిది, కొత్తది ఎంతకి వస్తుందో తెలియకుండా పాతదానికి బేరం ఆడలేరు. విజయవాడ వైపు వాళ్లకి ఆటోనగర్ ఉంది, అయితే అక్కడ పానాలు, వైసులు లాంటి మెకానిక్ సామానే ఎక్కువ. వీటన్నిటికీ మించి మీ ఊళ్లోని పాత ఇనుప సామాను కొట్టు ఉంది. అక్కడ రందా అయినా గేటు ముక్క అయినా కిలో లెక్కే. నంబర్ 4 రందా బరువు కిలోన్నరకి కాస్త ఎక్కువ ఉంటుంది, లెక్క మీరే వేసుకోండి.

రందా

ఆంధ్రలో చిత్రిక అంటారు, హైదరాబాద్‌లో రందా అనే అంటాం కాబట్టి అలాగే రాస్తాను. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేది దీని దగ్గరే.

మనకి దొరికే ఇనుప రందాలన్నీ దాదాపు ఒకే నమూనా. లియోనార్డ్ బెయిలీ అనే అమెరికన్ తయారు చేసిన నమూనా అది, 1869లో ఆయన పేటెంట్లని స్టాన్లీ కంపెనీ కొనుక్కుంది, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌వాళ్ల రికార్డ్ అయినా, మన దేశంలో తయారయ్యే అనంత్ అయినా ఆ అమరికనే తీసుకున్నారు. అందుకని ఒకదాన్ని విప్పడం నేర్చుకుంటే అన్నీ వచ్చేసినట్టే. నంబర్ 4 తొమ్మిదంగుళాల పైచిలుకు, నంబర్ 5 పద్నాలుగు అంగుళాలు, నంబర్ 7 ఇరవై రెండు. మొదటిసారి కొనేవాళ్లు 4 గానీ 5 గానీ కొనండి. 7 కనిపిస్తే చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు, కానీ దాన్ని చదును చేసి దారికి తేవడం కొత్తవాళ్ల పని కాదు.

అమ్మే అతన్ని అడిగి పైనున్న మీట ఎత్తి, బ్లేడు బయటికి తీయండి. వద్దంటే అక్కడితో వదిలేయండి. బ్లేడు తీశాక అడుగుభాగం మీ వైపు తిప్పుకుని, బ్లేడు బయటికొచ్చే సన్నని నోరు ఉంటుంది కదా, దాని నాలుగు మూలలూ టార్చి వేసి చూడండి. వెంట్రుకలాంటి గీత మూల నుంచి పక్కగోడ వైపు వెళ్తోందంటే అది పగులు. పోత ఇనుము వంగదు, కింద పడితే పగులుతుంది, పగిలేది ఎక్కువగా ఇక్కడే. పక్కగోడల మీద పసుపురంగు గీత కనిపిస్తే ఇత్తడితో అతికించారని అర్థం. మురికి మీద గీత తెలియకపోతే గుడ్డతో తుడిచి, గోటితో అడ్డంగా గీయండి, పగులైతే గోరు తట్టుకుంటుంది. ఇంకో పద్ధతి, ఒట్టి శరీరాన్ని రెండు వేళ్లతో వేలాడదీసి స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. బాగున్నది ఖణేలుమంటుంది, పగిలినది కుండ పెంకులా డబ్బుమంటుంది.

తర్వాత బ్లేడు. దానికి రెండు ముఖాలు, ఒకటి వాలుగా ఉంటుంది, ఒకటి చదునుగా ఉంటుంది. అందరూ వాలునే చూస్తారు. మీరు చదునుగా ఉన్న ముఖం చూడండి, అందులోనూ అంచుకి దగ్గరున్న అర అంగుళం. వాలు మీద తుప్పు ఎంత ఉన్నా సాన పడితే పోతుంది, అవతలి ముఖం మీద లోతుగా గుంటలు పడి ఉంటే మాత్రం మీరు సాన పట్టిన ప్రతిసారీ అంచు ఏదో ఒక గుంట మీదకి వస్తుంది, వచ్చిన చోటల్లా అంచు నొక్కుపడుతుంది, ఆ నొక్కు చెక్క మీద గీతగా దిగుతుంది. బ్లేడు మధ్యలో ఉన్న పొడుగు కన్నం దగ్గర నుంచి అంచు దాకా కనీసం ఒక అంగుళమైనా మిగిలి ఉండాలి. అంతకంటే తక్కువుంటే ఎవరో జీవితమంతా వాడేశారన్నమాట.

చివరగా స్క్రూలు లెక్కపెట్టండి. బ్లేడుని పై రేకుతో కలిపే స్క్రూ, లోతు తిప్పే ఇత్తడి చక్రం, పక్కలకి జరిపే మీట, పిడుల్ని పట్టుకునే పొడుగు బోల్టులు, ఇవన్నీ ఉండాలి. స్టాన్లీ మరల కొలతలు బజారు బోల్టులతో కలవవు. ఒకే ఒక్క స్క్రూ లేదని 150కే వచ్చిన రందా ఒకటి నా దగ్గర రెండేళ్లుగా అలాగే ఉంది, ఆ స్క్రూ కోసం రాణిగంజ్‌లో ఎన్ని కొట్లు తిరిగానో చెప్పలేను. చెక్క పిడి విరిగితే మాత్రం దిగులు పడకండి. జిగురు పెట్టి బిగించొచ్చు, లేదంటే టేకు ముక్కతో కొత్తది చేసుకోవచ్చు, అసలు ఈ హాబీలో మొదట చేయాల్సిన పని అదే అంటాను.

ఉలి, ఆకురాయి

ఉలి మీద పేరు చదివి కొనడం కంటే ఆకురాయితో అడిగి కొనడం నయం. అంచుకి దగ్గరగా, పక్క నుంచి, ఆకురాయి మూలని మెత్తగా ఒకసారి లాగండి. గాజు మీద లాగినట్టు జారిపోతే ఉక్కు గట్టిగా ఉంది. పట్టుకుని పొడి రాల్చిందంటే మెత్తన, అది అంచు నిలబెట్టుకోదు. ఈ పరీక్ష అంచు దగ్గరే చేయాలి, మధ్యలో కాదు. మన కమ్మరి కొలిమిలో చేసిన పాత ఉలులకి ఒళ్లంతా మెత్తని ఇనుమే ఉండి అంచు దగ్గర మాత్రం ఉక్కు అతికి ఉంటుంది, మధ్యలో గీకి చూసి మెత్తగా ఉందని వదిలేస్తే బంగారం వదులుకున్నట్టే. ఆకురాయి వాడే ముందు అమ్మే అతనికి చెప్పండి, అభ్యంతరం పెట్టే వాళ్లు చాలా తక్కువ.

ఈ పరీక్ష తెలియక ముందు నేను ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఆరు ఉలుల సెట్టు తెప్పించుకున్నాను, ఎర్ర పిడులు, అద్దంలా మెరిసే బ్లేళ్లు. వేప చెక్కలో మొదటి ముడి తగలగానే అంచు మడత పడింది, విరగడం కూడా కాదు, రేకు మడతపడినట్టు పడింది. తిరిగి పంపిస్తే తీసుకోలేదు. పోయిన ఆదివారం దొరికిన రెండు ఉలులూ జోడీ 120, ఒకదానికి పిడే లేదు, కానీ ఆకురాయి రెండింటి మీదా జారిపోయింది. గుడ్డతో రుద్దితే ఒకదాని మెడ దగ్గర "కాస్ట్ స్టీల్" అని అచ్చు కనిపించింది, కింద "షెఫీల్డ్" అని. ఇది చూసి పోత ఇనుము అనుకుని పక్కన పెట్టేసేవాళ్లున్నారు. అది పోత ఇనుము కాదు, మూసలో, అంటే మట్టి పాత్రలో, కరిగించిన ఉక్కు. షెఫీల్డ్‌లో ఆ పద్ధతిని బెంజమిన్ హంట్స్‌మన్ 1740ల్లో మొదలుపెట్టాడు. నిజామాబాద్ వైపు మన కోనసముద్రంలో అంతకు చాలా ముందే మూసల్లో ఉక్కు వండేవాళ్లు, ఆ ముద్దల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. ఆ ఉలి పట్టుకున్న ప్రతిసారీ నాకు ఈ మాట గుర్తొస్తుంది.

మిగతావి త్వరగా

రంపాన్ని కంటి దగ్గర పెట్టుకుని వీపు వెంట చూడండి, నిటారుగా ఉందా లేదా అని. కొద్దిగా విల్లులా వంగితే సరిచేయొచ్చు, ఒకచోట మడత పడితే వదిలేయండి. పళ్ల కొనలు మాత్రం నల్లగానో నీలంగానో ఉన్న కొత్తరకం రంపాలు ఉన్నాయి, ఆ పళ్లని బాగా గట్టిపరుస్తారు, ఆకురాయికి లొంగవు, అరిగితే పారేయడమే. అవి పాతవి కొనకండి. పళ్లన్నీ ఒకే రంగులో ఉన్న పాత రంపమైతే ముక్కోణపు ఆకురాయితో ఎన్నిసార్లైనా పదును పెట్టుకోవచ్చు.

మూలమట్టానికి పరీక్ష అట్టముక్క మీదే అయిపోతుంది. నిటారు అంచున్న అట్టకి ఆనించి ఒక గీత గీయండి, మట్టం తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకటైతే సరి, వేరుపడితే ఆ తేడాలో సగం మట్టంలో తప్పు ఉన్నట్టు. చేతి డ్రిల్లుకి మూడు దవడలూ తెరుచుకుని మూసుకుంటున్నాయా, పళ్లచక్రంలో పన్ను విరిగిందా అని చూస్తే చాలు, నాది 200కి వచ్చింది, మురికి తప్ప ఏ లోపమూ లేదు. వైసు అయితే పూర్తిగా తెరిచి, ముందు దవడని పైకీ కిందకీ ఊపి వదులుగా ఉందేమో చూడండి.

పాతవి అస్సలు కొనకూడనివి కూడా ఉన్నాయి. ఆకురాళ్లు, కొలత టేపులు, రసమట్టాలు. అరిగిన ఆకురాయికి మళ్లీ పదును రాదు.

ఇంకో సంగతి. నిన్ననే పెట్టెలోంచి తీసినట్టున్న ఖరీదైన పనిముట్టు, దాని మీద ఎవరిదో పేరు చెక్కి ఉండి, సగం కంటే తక్కువ ధర చెప్తే నేను కొనను. ఎవరో ఒక మేస్త్రీ పొద్దున పనికొచ్చి సంచి కోసం వెతుక్కుంటూ ఉంటాడు.

బేరం

ముందు ఏది కావాలో దాన్ని పట్టుకోకండి. పక్కనున్నవి రెండు చూసి, అప్పుడు దాని దగ్గరికి రండి. నాకూ రందా అమ్మే అతనికీ ఆ రోజు జరిగింది ఇదే.

"అన్నా, ఈ రందా ఎంత?"

"ఎనిమిది వందలు భయ్యా, ఇంగ్లండ్ మాల్."

"పిడి విరిగింది, బ్లేడు తుప్పు. మూడు వందలు ఇస్తా."

"ఆరు వందల కింద కుదరదు."

నేను బ్లేడు మళ్లీ జాగ్రత్తగా అమర్చి, దుప్పటి మీద పెట్టి, పక్కనున్న ఉలులు తీసుకుని వాటి ధర అడిగాను. అన్నీ కలిపి ఒకేసారి లెక్క కట్టమన్నాను. రందా 450కి దిగింది. ఉన్న లోపాలే చెప్పండి, లేనివి కల్పించకండి. వచ్చే ఆదివారం కూడా అతను అక్కడే ఉంటాడు, మీకు ఏం కావాలో గుర్తుంచుకుని తీసి పెడతాడు. నాకు ఆ డ్రిల్లు అలా దొరికిందే, రెండు వారాల కింద అడిగి ఉంచాను.

కానీ బేరం ఆడకూడని చోటు ఒకటుంది. మా వీధి చివర ఒక ఆచారి గారు ఉన్నారు, డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించక పని మానేశారు. కొడుకులిద్దరూ మెషిన్లతోనే పని చేస్తారు. పోయిన ఏడాది దసరా మర్నాడు పలకరించడానికి వెళ్తే, పూజ చేసిన పనిముట్లు ఇంకా పీట మీదే ఉన్నాయి, ఒక్కోదానికి పసుపు, కుంకుమ, మీద బంతిపూలు. లారీ కమాను పట్టీతో కమ్మరి చేసిన బాడిస ఒకటి, పిడి ఆయన అరచేతి ఆకారంలో అరిగిపోయి ఉంది. దాన్ని నా చేతికిచ్చి, "బరువు చూడు బాబూ, నువ్వు ఎత్తక్కర్లేదు, అదే దిగుతుంది" అన్నారు. నిజంగానే, మణికట్టు కొద్దిగా వదిలితే చాలు, అంచు తనంతట తానే చెక్కలోకి దిగింది. ఆయన అడిగిన డబ్బు ఇచ్చి ఒక ఉలి, ఒక కొయ్య సుత్తి తెచ్చుకున్నాను. బాడిస అడగలేదు. అలాంటి ఇళ్లకి వెళ్తే చెప్పిన ధర ఇవ్వండి, తక్కువ చెప్తే మీరే పెంచి ఇవ్వండి, ఒక గంట కూర్చుని ఎలా పట్టుకోవాలో అడగండి. ఆ గంటలో నేర్చుకున్నది మీకు ఏ సంతలోనూ దొరకదు.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో మనవాళ్లు ఉంటే వాళ్లకీ చెప్పి ఉంచండి, అక్కడ గరాజ్ సేళ్లలో, కార్ బూట్ సేళ్లలో ఇలాంటివి బాగానే వస్తాయి. తెచ్చేటప్పుడు చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టమనండి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు.

ఇంటికి తెచ్చాక

చెక్క భాగాలు విప్పి పక్కన పెట్టండి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు కొని లీటరు నీళ్లకి సుమారు 50 గ్రాములు కలిపి, తుప్పు పట్టిన బ్లేడు, స్క్రూలు, ఉలులు ప్లాస్టిక్ టబ్బులో ముంచండి. రెండు మూడు గంటలకోసారి తీసి ఇత్తడి బ్రష్షుతో తోమి చూడండి. ఎంత ముదిరినా ఒక రాత్రి చాలు, రెండు రోజులు వదిలేస్తే మంచి ఇనుమునీ తినేస్తుంది. తీశాక వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టండి, వెంటనే అంటే అదే నిమిషంలో, హెయిర్ డ్రయర్ ఉంటే అది వాడండి. లేదంటే మీ కళ్ల ముందే మళ్లీ ఎర్రపొడి కమ్ముతుంది. ఆరిన మరుక్షణం కుట్టుమిషన్ నూనె పూయండి. బాత్రూంలు కడిగే యాసిడ్ మాత్రం వాడొద్దు, దాని ఆవిరికి ఆ గదిలో ఉన్న మిగతా ఇనుమంతా తుప్పు పడుతుంది.

రందా అడుగు చదును చేయడానికి గ్రానైట్ కొట్లో వంటగది గట్టు కోసిన ముక్క అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. దాని మీద 120 ఎమరీ పేపర్ అతికించి, బ్లేడు బిగించి, కానీ అంచు లోపలికి లాగేసి, రుద్దండి. బ్లేడు తీసేసి రుద్దితే బిగించాక అడుగు ఆకారం మారుతుంది. ముందు మార్కర్‌తో అడుగంతా గీతలు గీసుకుంటే ఎక్కడ ఆనుతోందో తెలుస్తుంది. ముందు కొన, నోటి చుట్టూ, వెనక కొన, ఈ మూడు చోట్ల గీతలు చెరిగిపోతే చాలు, మధ్యలో గుంట ఉన్నా పనికి అడ్డు రాదు.

బ్లేడు చదును ముఖాన్ని అదే రాయి మీద 220, 400, 1000 ఎమరీ పేపర్లతో వరుసగా రుద్దండి, అంచు దగ్గర అర అంగుళం అద్దంలా అయితే సరిపోతుంది. వాలు 25 డిగ్రీలు, చివర సన్నగా 30. గ్రైండర్ వాడేవాళ్లు ప్రతి రెండు సెకన్లకీ నీళ్లలో ముంచండి. అంచు నీలంగా మారిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఆ మేర అరగదీసి మళ్లీ మొదలుపెట్టాలి. వాలు సరిగ్గా పట్టారో లేదో తెలియాలంటే చదును ముఖం మీద అంచు వైపుగా వేలు జరపండి. అంచు పొడవునా సన్నని ముల్లులా గరుకు తగలాలి. తగిలాక ఆ వైపు రెండు మూడు సార్లు రుద్ది ముల్లు తీసేయండి.

నా నంబర్ 4తో ఆదివారం సాయంత్రానికి ఇంత పని అయింది. టేకు ముక్క వైసులో బిగించి, బ్లేడు కనబడీ కనబడనంత బయటికి తిప్పి తోస్తే మొదట ఏమీ రాలేదు. చక్రం ఇంకో పావు చుట్టు తిప్పాను. సుయ్యిమని నోట్లోంచి ఒక పొర పైకి లేచి చుట్టుకుంది, విప్పి కిటికీ ముందు పట్టుకుంటే అవతలి చెట్టు కనిపించింది.

ఇక వానాకాలం సంగతి. పెట్టెలో రెండు కర్పూరం బిళ్లలు వేసి మూత గట్టిగా పెట్టండి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లయితే వారానికోసారి నూనె గుడ్డతో తుడవండి.